గుమ్మంలో అడిగిన ప్రశ్న

రాజాం దగ్గర మా బడిలో పదో తరగతి చదువుతున్న లావణ్య ఈ రోజు జపాన్ బయలుదేరింది. దేశదేశాల పిల్లలు కలిసే సైన్స్ శిబిరానికి ఎంపికైంది. పొద్దున్నుంచి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తను కారెక్కడానికి ఇంట్లోంచి బయటికొస్తుంటే, ఎయిర్‌పోర్టులో అధికారి అడిగే ప్రశ్నలు చివరిసారి సాధన చేయిద్దామని గుమ్మంలోనే, "ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగాను.

వాళ్ల నాయనమ్మ చేతిలో సంచి కింద పెట్టేసింది.

"బయలెల్లే పిల్లని ఎక్కడికని అడుగుతారేటి మాస్టారూ! అందరూ లోపలికొచ్చి కూకోండి. నీళ్లు తాగి మల్లీ ఎల్దురు గాని."

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సైన్స్ టీచర్ని కదా, ఏదో చెప్పబోయాను. లావణ్య అప్పటికే కూర్చుంది. నేనూ కూర్చుని నీళ్లు తాగాను.

"అక్కడ ఆఫీసరు కూడా ఇదే అడుగుతాడమ్మా" అన్నాను.

"మరి ఆడికాడ కూకోడానికి సోటుంటాదా?" అంది ముసలమ్మ.

ఢిల్లీలో మిగతా పిల్లలతో కలిసి అధికారి ముందు వరసలో ఉన్నానని లావణ్య మెసేజ్ పెట్టి గంటయింది. తర్వాత కబురు లేదు. ఈలోగా ఆ పిల్ల తరఫున నేను మూడుసార్లు కూర్చుని నీళ్లు తాగాను. నవ్వేవాళ్లు నవ్వండి గానీ, మీరూ ఓ గ్లాసు తాగండి.