మోటారు ఆగినాకే తిరిగి చూశాం

కయాక్ ఎక్కుదామన్నది నేనే. మా అన్నకు నీళ్ళంటే భయం, ఈత రాదు. కుంఠా నాకా అనే పేటలో కరెంటు మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మా ఇద్దరిలో ఈత వచ్చినవాళ్ళు లేరు. అయినా ఊరి బయట తలావులో, ఆ పెద్ద చెరువులో, కొత్తగా తెడ్డు వేసే చిన్న బోట్లు వచ్చాయని విని, మగ్గాలు పనివాడికి అప్పజెప్పించి అన్నను ఆటోలో లాక్కుపోయాను.

బోట్లిచ్చే అతను మాకు లైఫ్ జాకెట్లు తొడిగి, ఒక్క మాట గట్టిగా చెప్పాడు. మోటారు బోటు చప్పుడు వినబడగానే ఒడ్డు వైపు జరగాలి, జోరు మీదున్నప్పుడు దాని ముక్కు పైకి లేస్తుంది, ముందు నీళ్ళలో ఉన్న మీరు నడిపేవాడికి కనబడరు అన్నాడు. ఇద్దరం బుద్ధిగా తలూపాం.

నేను ముందు, అన్న వెనక. తెడ్డు వేయడం అబ్బేసరికి అన్న భయం పోయింది. ఇంట్లో మగ్గాల మోతలో అలవాటే కదా, గొంతెత్తి ముచ్చట్లు మొదలుపెట్టాడు. వెనక మోటారు చప్పుడు మొదలైంది. పెరిగింది. నేను ఇంకాస్త గొంతు పెంచాను, అన్న కూడా పెంచాడు. ఒడ్డున ఒకావిడ ఓణీ తీసి ఊపుతుంటే, పలకరిస్తుంది కాబోలని నేనూ చెయ్యి ఊపాను. ఎంత తెలివో చూడండి.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు తిరిగాం, ఇద్దరం ఒక్కసారే. తెల్లటి బోటు ముక్కు అన్న తల పక్కన, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఉంది. ఆ బోటు ఎక్కినవాళ్ళెవరో మమ్మల్ని చూసి కేకలు వేస్తే నడిపేవాడు ఇంజిన్ ఆపాడట. అంతలో ఆ బోటు వెనకాలే వచ్చిన అల మా కయాక్‌ను ఎత్తి బోర్లించింది. నీళ్ళు మింగాను. చచ్చిపోయాననే అనుకున్నాను. జాకెట్ పైకి లేపింది. కళ్ళు తెరిస్తే అన్న కనబడలేదు. తరవాత కయాక్ అవతల అతని దగ్గు వినబడింది.

మమ్మల్ని బోటులోకి లాగి, నడిపేవాడు మరాఠీలో తిట్టాడు. "బహిరే ఆహాత్ కా?" చెవిటివాళ్ళా అని. నేనైతే తిట్లన్నీ నోరు మూసుకుని పడేదాన్ని. అన్న మాత్రం ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా అమాయకంగా అడిగాడు.

"భావూ, మోటర్ కా బంద్ కేలీ?"

మోటారు ఎందుకు ఆపావు భాయ్ అని! సరిగ్గా ఆ ప్రశ్నే నా నోట్లోనూ ఉంది. మగ్గం నడుస్తున్నంతసేపు ఎవరూ తల ఎత్తరు. ఆగితేనే పోగు తెగిందో, కరెంటు పోయిందోనని అందరూ చూస్తారు.

ఒడ్డున బట్టలు పిండుకుంటూ అడిగాను. "అన్నా, నీకు చప్పుడు వినబడలేదా?"

"వినబడ్డది చెల్లె. నడుస్తుంది కదా, ఇంకేం భయం అనుకున్న."

ఆటో ఎక్కి ఇంటికి బయల్దేరాం. ఆ బోటు ఆగకపోయుంటే మేం తిరిగి చూసేవాళ్ళమే కాదు.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో నాలుగు మగ్గాలూ దడదడలాడుతున్నాయి. వాటి పక్కనే ఉయ్యాలలో అన్న కూతురు, ఏడాది నిండని పిల్ల, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అన్న తడి బట్టలతోనే ఉయ్యాల దగ్గర కాసేపు నిలబడ్డాడు. తరవాత పోయి మగ్గాలన్నీ ఆపేశాడు.

పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది.

వదిన వంటింట్లోంచి ఉరికొచ్చింది. "ఏందయ్యా, ఎందుకు బంద్ చేసినవ్? ఇప్పుడే పండుకున్నది కదా పిల్ల."