నూనె తాగిన గిటారు

మా చిన్నప్పుడు... గిలకలదిండి రేకుల మందిరంలో ఆదివారం ఆరాధన మొదలవుతుందంటే నాకు చెమటలు పట్టేవి. ఎండకి కాదు... నా మెడలో వేలాడే ఎర్ర ఎలక్ట్రిక్ గిటారుకి.

సంఘమంతా చందాలేసుకుని తెప్పించిన గిటారు అది. వాయించడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మావాళ్లు కొత్త పడవైనా, కొత్త వలైనా ప్రతిష్ఠ చెయ్యకుండా వాడరు. గిటారుకీ అంతే. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి బుడ్డిలో నూనె ధారగా పోశారు... సరిగ్గా వాల్యూమ్ మీట మీద. అందరూ "స్తోత్రం" అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను.

కొన్నాళ్లకే గరగర మొదలైంది. మీట కదిపితే చాలు, సౌండుబాక్సు రేకులదిరేలా బరబరలాడేది. ఒక్కోసారి పాట మధ్యలో శబ్దమే పోయేది.

"వాయించేవాడిలో పాపముంది," అన్నారు అయ్యగారు. "ఏం దాచావురా దావీదూ? నిలబడి ఒప్పుకో."

"ఏం చెయ్యలేదండీ అయ్యగారూ..."

"చెయ్యకపోతే ప్రతిష్ఠ చేసిన వస్తువు ఎందుకు మూలుగుద్ది?"

ఎదురుగా అయ్యగారు. ఆడవాళ్ల వైపు ముసుగు కిందకి లాక్కున్న అమ్మ. మెడలో గిటారు, గిటారుకి వైరు... కట్టేసిన దూడలా నేను. ఒప్పుకుంటే తప్ప కూర్చోనివ్వరు. ఒక ఆదివారం జామకాయలు దొంగిలించానన్నాను. ఇంకో ఆదివారం హార్బర్లో ఐసుగడ్డ ఎత్తుకొచ్చానన్నాను. రెండూ చెయ్యలేదు. ఒప్పుకున్న ప్రతిసారీ గిటారు మీద ఇంకాస్త నూనె పోసేవారు... గరగర ఇంకాస్త పెరిగేది!

అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఆ నీతిమంతుడి చుట్టూ స్నేహితులు చేరి, నువ్వేదో చేసే ఉంటావని పీడించిన సంగతి బైబిలు వాక్యంలో ఎప్పుడు చదివినా... నా కళ్లకి ఆ రేకుల మందిరమే కనపడుతుంది.

ఇంతలో పెద్ద కూడిక వచ్చింది. నందివాడ దాకా ఉన్న సంఘాలన్నీ వస్తాయి. "అందరి ముందూ ఒప్పుకోవాలి" అన్నారు అయ్యగారు. ఒప్పుకోవడానికి నా దగ్గర పాపాలైపోయాయి. ఇంటికెళ్లి అక్క దగ్గర మొత్తుకున్నాను.

మా అక్క రూతు చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులు అతికే పనికి వెళ్లేది. "పాపం సంగతి తర్వాత... ముందు ఆ గిటారు వీపు విప్పరా" అంది.

"ప్రతిష్ఠ చేసిందాన్ని విప్పకూడదక్కా!"

"నిన్నూ ప్రతిష్ఠ చేశారుగా. జొరమొస్తే సూదేయించలేదా?"

కూడిక ముందురోజు మధ్యాహ్నం మందిరం తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని స్క్రూలు విప్పాం. వాల్యూమ్ కంట్రోలు నూనెలో నాని, దుమ్ము పట్టి జిడ్డుముద్దయిపోయింది. నా పాపమంతా అదే! మీట కదిపినప్పుడే గరగర కాబట్టి ముందే బందరు రేడియో షాపులో కొన్న కొత్తది పక్కనే ఉంది. ఏ వైరు ఎక్కడిదో మర్చిపోకుండా అక్క ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది. అరువు తెచ్చిన సోల్డరింగు కడ్డీతో అతుకుతుండగా... తలుపు దబదబా మోగింది.

"లోపలెవరు?" అయ్యగారి గొంతు.

"ఊడుస్తున్నామండీ అయ్యగారూ! దుమ్ము బాగా ఉంది!" అంది అక్క, చేతిలో పని ఆపకుండా.

మర్నాడు గిటారు గంటలా మోగింది. హమ్మయ్య అనుకునే లోపే అయ్యగారు మైకందుకున్నారు. "చూశారా! ఈ బాబు జామకాయల దొంగ. ఒప్పుకున్నాడు... విడుదల పొందాడు!" జనమంతా చప్పట్లు. ఆయన కళ్లలో నీళ్లు. కృతజ్ఞతగా మళ్లీ నూనెబుడ్డి ఎత్తారు. నేను వాల్యూమ్ మీట మీద అరచెయ్యి కప్పేశాను. నూనె వేళ్ల మీదుగా మోచేతి దాకా కారింది... మీటకి మాత్రం అంటలేదు.

ఇప్పుడు నేనూ వాక్యం చెబుతున్నాను. చేతిలో నూనెబుడ్డీ ఉంది. అందుకే ప్రతి సంఘంలో గొంతు చించుకుని చెబుతాను... ముందు స్క్రూలు విప్పి చూడండయ్యా! పిల్లాడి గుండె తర్వాత విప్పుదురుగాని!

ఇప్పటి మందిరాల్లో గరగరమంటే సౌండు ఆపరేటర్ని పిలుస్తున్నారు. ఆ రోజుల్లో నన్ను పిలిచి నిలబెట్టేవారు... అయినా గిలకలదిండి వైపు ఏ కూడికకి వెళ్లినా, వేదికెక్కే ముందు ఎవరో ఒక పెద్దాయన ప్రేమగా పరిచయం చేస్తాడు, "చిన్నప్పుడు జామకాయలు దొంగిలించేవాడండీ, దేవుడు మార్చాడు" అని.

చెయ్యని తప్పు మీ మీద కూడా ఇలా అతుక్కుపోయి ఉంటే... కింద రాయండి. ఇక్కడ ఎవరూ నిలబడక్కర్లేదు.