అర నిమిషం నిశ్శబ్దం

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి సూరత్‌లో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడికి దేన్నైనా నమ్మే అలవాటు ఎక్కువకాలం నిలవదు.

ఖటోదరాలో మేం పనిచేసే కార్ఖానాలో ఒక వరస సాంచాలు బాపు, మా నాన్న, చూస్తాడు, ఎదురు వరస నేను. ముప్పై ఏళ్ళ చప్పుడుకు ఆయన చెవులు దాదాపు పోయాయి. అక్కడ నోటితో పిలిచేది కొత్తగా వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళం దారం అయిపోయిన ఖాళీ కండె, బాబిన్, తీసి వీపు మీదికి విసురుతాం. పెద్దవాళ్ళకైతే కాస్త మెల్లగా.

పనిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకోకూడదు. దారం తెగితే సాంచా చప్పుడు మారుతుంది, దాన్ని చెవితోనే పట్టుకోవాలి. నేను పెట్టుకునేవాణ్ణి. చదువుకున్నవాడి తప్పులు కూడా కాస్త ఖరీదైనవే.

వినేది ఐస్‌లాండ్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ ఒకటి. గిటార్‌ను ఫిడేలు కమానుతో వాయిస్తారు. పాటగాడి మాటలు ఏ భాషవీ కావట. మంచు కింద ఎవరో నడుస్తూ మనల్నే వెతుకుతున్నట్టు ఉంటుంది. సరిగ్గా మధ్యలో అర నిమిషం ఏమీ ఉండదు, ఒట్టి నిశ్శబ్దం. సాంచాల మధ్య బతికేవాడికి అది కూడా పాటే.

ఆ రోజు మధ్యాహ్నం బాపు వైపు వీపు పెట్టి దారం ముడేస్తున్నాను. నిశ్శబ్దం మొదలైంది. మామూలుగా ఆ అర నిమిషమూ బయటి చప్పుడు లోపలికి దూరేది. ఆ రోజు దూరలేదు. కార్ఖానా మొత్తం ఆగిపోయినట్టు అయింది. కానీ నా చేతి కింద సాంచా అదురుతూనే ఉంది.

అప్పుడు వినిపించింది, చెవి పక్కనే, నిదానంగా.

"కొడుకా, బంద్ చెయ్."

ఆడగొంతో మగగొంతో చెప్పలేను. నన్ను అలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకో అడక్కుండా మెయిన్ స్విచ్ దించేశాను.

వెనక్కి తిరిగితే బాపు మోటారు మీదికి వంగి ఉన్నాడు. మెడలోని తువ్వాల మోటారు బెల్టు పట్టాలో చుట్టుకుంది. ముఖానికీ పట్టాకీ మధ్య బెత్తెడు కూడా లేదు.

కత్తెరతో తువ్వాల కోశాం. ఊపిరి అందాక ఆయన మొదటి మాట తిట్టే.

"మూడు బాబిన్లు ఇసిరిన. ఒక్కటి తాకలే. చెవులల్ల గా డబ్బాలేంది?"

"నువ్వు పిలిచినవ్ కదా బాపూ?" ఆయన చెవిలో అరిచాను.

"మెడ బిగిసినంక మాటెట్ల వస్తదిరా?"

మూడు బాబిన్లూ నా కాళ్ళ దగ్గరే దొరికాయి. కార్ఖానాలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే.

ఆ ఆల్బమ్ మళ్ళీ చాలాసార్లు విన్నాను. ఆ అర నిమిషంలో ఏమీ లేదు. చావుభయం తెచ్చిన భ్రమ అనుకున్నాను. ప్రమాదం సంగతి నాకు తెలియకముందే గొంతు వినిపించింది కాబట్టి ఆ లెక్క కుదరలేదు. అయినా దాంతోనే సర్దుకున్నాను.

ఆదివారం పొద్దున నవాగామ్‌లో మా గదిలో బాపు చెయ్యి చాపాడు. "గంతగనం ఏమింటవురా? జర ఇటియ్యి."

ఆల్బమ్ పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచి హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు తగిలించాను. "ఏమినొస్తలే," అన్నాడు. అయినా తీయలేదు, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ అర నిమిషం ఎప్పుడొస్తుందా అని నేను ఫోన్ తెరనే చూస్తున్నాను. నిశ్శబ్దం మొదలైంది.

బాపు తల ఎత్తాడు. తలుపు వైపు చూశాడు.

"ఆఁ, వస్తున్న," అని లుంగీ సర్దుకుని లేచాడు.

రెండు చేతులతో పట్టుకుని కూర్చోబెట్టాను. ఎవరు పిలిచారని చెవిలో అరిచి అడిగితే, ఏమీ ఎరగనట్టు నా ముఖం చూశాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. నాకు ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదు. ఆల్బమ్ తీసేశాను. ఆయన మాత్రం వారానికోసారి అడుగుతున్నాడు, ఆ పాటలు మళ్ళీ పెట్టమని.