తూకం రోజు కండెలు

మా ఇంట్లో నన్ను పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. పుల్లలా సన్నగా ఉండేదాన్ని, "పుల్లా" అంటే చాలు, పలికేదాన్ని. ఎనభైల మొదట్లో సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మాట వినపడాలంటే అరవాల్సిందే. మా మేనత్త ఆ "పుల్లా"ను వాడకట్టంతా వినేట్టు అరిచేది, ఆమె నోరు పడిపోను!

తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఆడపిల్లల బడికి డాక్టరమ్మ వస్తుందని టీచరు చెప్పింది. ఎదిగే పిల్లల ఒంటి గురించి మాట్లాడుతుందట, అందరినీ తూస్తుందట, ఎవరి బరువెంతో పైకి చదువుతారట. నాకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. ఇంట్లో పుల్లనైతే అయ్యాను, బడిలో కూడానా? అందరి ముందూ నవ్వులపాలైతే ఇక ఆ గడప తొక్కేది లేదని గట్టిగా అనుకున్నాను.

అవ్వ రోజంతా కండెలు చుట్టేది. నూలు చుట్టి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కర్రలవి. డాక్టరమ్మ వచ్చే శనివారం పొద్దున ఆమె గంపలోంచి చేతికందినన్ని తీసి, పాత తువ్వాలలో మూటగట్టి, లంగా కింద నడుముకు బిగించాను. నేత నేసే సాలోళ్ల పిల్లను, బరువంటే నాకు ఇంకేం తోస్తుంది?

నా వంతు వచ్చింది. తూకం మిషను మీద కాలు పెట్టి ఊపిరి బిగబట్టాను. పొట్ట లోపలికి పోయింది, ముడి జారింది. కండెలు టపటపా రాలి, నూలు విప్పుకుంటూ బెంచీల కిందికి దొర్లిపోయాయి. తరగతంతా పగలబడి నవ్వింది. భూమి బద్దలై మింగేస్తే బాగుండనిపించింది.

అప్పుడు లేచింది, మాలో అందరికన్నా లావుగా ఉండే పిల్ల. పక్కూరి పెద్ద రైతు బిడ్డ. ఆమె బుగ్గలు, నిండు చేతులు చూసి నేనెంత కుళ్లుకునేదాన్నో! ఈమె ఇంకేమంటుందోనని తల దించుకున్నాను.

"ఏం నవ్వుతున్రే? నేను నిన్న పగటి సంది అన్నం తినలే. బరువు తక్కువ రావాల్నని నీళ్లు గూడ తాగలే." ఆమె నావైపు వేలు చూపింది. "ఇది ఎక్కువ కావాల్నని పరేషాన్, నేను తక్కువ కావాల్నని పరేషాన్. ఇగ నవ్వుండ్రి!"

నవ్వు టక్కున ఆగింది.

డాక్టరమ్మ లేచి మిషనును గోడవైపు తిప్పింది. "ఇక నుంచి ఎవరి బరువు వాళ్లే చూసుకోండి, నా చెవిలో చెబితే చాలు. ముందు ఆ అమ్మాయికి తినడానికి ఏదైనా పెట్టండి," అంది. తర్వాత చాలా మంచి మాటలు చెప్పింది, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరున ఎదుగుతుందని, దానికి సిగ్గుపడే పని లేదని. ఆ తల్లికి దండం. కానీ నేను సగమే విన్నాను. నా డబ్బాలోని సర్వపిండి విరిచి ఆ పిల్లకు పెడుతున్నాను. ఆమె గబగబా తింటోంది.

బడి విడిచాక ఇద్దరం వంగి కండెలు ఏరాం. ఉండబట్టలేక అడిగేశాను.

"నీ సంగతి ఎవ్వలకూ తెల్వకపోవు గద. ఎందుకు చెప్పినవే?"

"నువ్వొక్కదానివే నిలబడ్డవ్ గద ఆడ," అన్నది.

అంతే అన్నది, చేతిలోని కండె నాకిచ్చింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు నిండుతాయి. సోమవారం నేను బడికి పోయాను, ఆమె పక్కన కూర్చోవడానికే పోయాను.