మా బాపు ఏడుపు

మా చిన్నాయన సినిమాల్లో ఏడ్చిన ఏడుపు ఆయనది కాదు. అది మా బాపుది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఎందుకంటే చిన్నాయన బతికున్నన్నాళ్ళూ బాపు నన్ను నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు చిన్నాయన లేడు. పోయినవాళ్ళను ఒక్క మాట అనకూడదని బంధువులు నాకు గుర్తు చేస్తూనే ఉన్నారు. అనకుండా ఉండడానికి నాకు కారణమేమీ కనబడడం లేదు.

చిన్నాయన మా బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. లోకానికి హాస్యనటుడు. తనను తాను మాత్రం 'క్యారెక్టర్ ఆర్టిస్ట్' అని చెప్పుకునేవాడు. ఏ క్యారెక్టరో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. పోస్ట్‌మ్యాన్ వేషమైనా, పెళ్ళికూతురి తండ్రి వేషమైనా, తాగుబోతు వేషమైనా ఆయన చేసేది ఒక్కటే పని, ఏడవడం. ముందు నీళ్ళు రాని బోరింగు కొట్టినట్టు ముక్కుతో ఆగి ఆగి గాలి పీల్చేవాడు. తర్వాత 'ఈ…' అని సన్నగా ఒక కూత మొదలై, పైపైకి పోయి, పుటుక్కున తెగిపోయేది. ఆపైన కింది దవడ గడగడ వణికేది. చివర్లో కుడిచేత్తో నెత్తి మీద టపటపా కొట్టుకునేవాడు. హాలంతా పడీ పడీ నవ్వేది. నాలుగు మాటల డైలాగు ఇస్తే మూడో మాట దగ్గర తడబడే మనిషి కాబట్టి, డైరెక్టర్లు మాటలు కొట్టేసి ఏడుపు పెట్టేవారు. దాన్ని ఆయన తన ప్రతిభ అనుకున్నాడు.

నెత్తి మీద ఆ దెబ్బలొక్కటే చిన్నాయన సొంత సరుకు. మిగతాదంతా మా నానమ్మ పోయిన రోజు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మా ఇంట్లో పుట్టింది.

అప్పుడు నేను బడికి పోయే పిల్లను. నానమ్మను చాప మీద పడుకోబెట్టారు. బాపు ఆమె పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడుపు మొదటినుంచీ అంతే, వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఒక్కో మనిషి తుమ్ము ఒక్కో తీరుగా ఉండదూ, అట్లా. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. గల్లీలో ఆడవాళ్ళందరూ ఆయన్ను చూసి ఇంకా ఎక్కువ ఏడ్చారు. చిన్నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పోయింది ఆయన తల్లి కూడా. కళ్ళు పొడిగా ఉన్నాయి. తల కొద్దిగా పక్కకు వంచి, దర్జీ కొలతలు తీసుకుంటున్నట్టు బాపును పైనుంచి కిందికి చూస్తున్నాడు. దుఃఖం గడ్డకట్టి అట్లా నిలబడిపోయాడని అమ్మ జాలిపడింది. మంచినీళ్ళు కూడా తెచ్చి ఇచ్చింది.

ఆ మరుసటి చలికాలం నుమాయిష్ ఎగ్జిబిషన్ స్టేజీ మీద చిన్నాయన ప్రోగ్రాం ఉందంటే ఇంటిల్లిపాదీ వెళ్ళాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా 'మా తమ్ముడే' అని చెప్పుకున్నాడు. మాకు మిర్చీ బజ్జీలు కొనిచ్చాడు. చిన్నాయన నక్కలా కూశాడు, రైలు చప్పుడు చేశాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు ఏడ్చాడు. ఇంకేముంది, జనం కుర్చీల్లోంచి లేచి మరీ నవ్వారు. బాపు కూడా నవ్వడం మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. ఎవరి ఏడుపో అప్పటికి తెలిసింది ఆయనకు. బజ్జీ కొరికింది కొరికినట్టే చేతిలో ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకోలేదు.

"ఏందయ్యా గది? అత్తమ్మ పోయిన్నాడు మీ అన్న ఏడ్సిన ఏడుపు గాదా?"

"ఔ వదినా," అన్నాడు చిన్నాయన, కొంచెం కూడా తొణక్కుండా. "ఆర్టు అంటే గంతే. చూసి నేర్సుకునుడే. అన్న ఏడుపు మంచిగ ఉండె, పనికొచ్చింది."

మంచిగా ఉందట. చొక్కా బట్ట గురించి చెప్పినట్టు చెప్పాడు. బాపు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. "పోనియ్యవే, వానికి గదే బువ్వ," అన్నాడు అమ్మతో. ఆ మాట ఆయన తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

తమ్ముడికి అది బువ్వయింది. అన్నకు మాత్రం ఏడ్చే దారి మూసుకుపోయింది. బాపు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చీ, పసుపు అమ్మే ఒక టోకు దుకాణంలో గుమాస్తా. చిన్నాయన సినిమాలు ఆడడం మొదలయ్యాక, ఆ ఘాటుకు బాపు కళ్ళలో నీళ్ళు తిరిగితే చాలు, హమాలీలు బస్తాలు దించి ఆశగా చూసేవాళ్ళు. 'సేటూ, జర మీ తమ్ముని లెక్క ఒక్కపారి' అని అడిగేవాళ్ళు. తమ్ముడి లెక్క! దొంగసొమ్ముకు అసలు యజమాని నకలు అయిపోయాడు. ఒకసారి మా మేనత్త పోతే బాపు నన్ను తీసుకుని అక్కడికి వెళ్ళి ఏడుపు ఆపుకోలేకపోయాడు. గుమ్మం దగ్గర కూర్చున్న కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు. చనిపోయిన మనిషి కొడుకు కూడా మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలించాడు. అది దుఃఖం కాదని నాకూ తెలుసు, బాపుకూ తెలుసు. ఆ రోజునుంచి ఆయన ఏడవడం మానేశాడు. చావింటికి వెళ్ళాల్సి వస్తే భుజాన పెద్ద తువ్వాలు వేసుకుని వెళ్ళేవాడు. గొంతులో ఏదైనా కదిలితే దాని కొస నోట్లో కుక్కుకునేవాడు.

ఇక చిన్నాయన సంగతి. సినిమాలు తగ్గాక ఆ ఏడుపును చిల్లరగా అమ్మాడు. సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణానికి ప్రకటన చేశాడు. డిస్కౌంటు అయిపోయిందని తెలిసి చీరల మీద పడి ఏడుస్తాడు. లోకల్ కేబుల్లో అది పొద్దస్తమానం వచ్చేది. పెళ్ళిళ్ళ సంగీత్‌లలోనూ, అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు ఏడవాల్సిన చోటా మైకు పట్టుకుని ఈయన ఏడ్చేవాడు. దానికి శాలువాలు, సన్మానాలు. నేను ఆబిడ్స్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఇప్పటి పిల్లలకు ఆయన సినిమా ఒక్కటీ తెలియదు గానీ ఆ ఏడుపు తెలుసు. ఎవడో దాన్ని ఫోన్లలో పంపుకునే స్టిక్కర్ చేశాడు. యూనిట్ టెస్ట్ ఉందని క్లాసు గ్రూపులో పెడితే చాలు, నా తండ్రి దుఃఖం వరసగా వచ్చి పడుతుంది.

కొన్నేళ్ళ కిందట అమ్మ దవాఖానలో పోయింది. ఇంటికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. మా వైపు చావింట్లో ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతి మనిషీ ఇంటివాళ్ళ మెడ పట్టుకుని శోకం తీయాలి, ఇంటివాళ్ళు వాళ్ళతో కలిసి మళ్ళీ ఏడవాలి. ఏడవని మనిషిని గుర్తుపెట్టుకుంటారు. ఎవరు ఎంత ఏడ్చారో పెద్దకర్మ దాకా చెప్పుకుంటారు. బాపు అమ్మ తల దగ్గర తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. వచ్చినవాళ్ళు ఆయన మెడ మీద పడి ఏడుస్తున్నారు, ఆయన మాత్రం నోరు తెరవడం లేదు. అమ్మ వాళ్ళ అక్క ఆయన ముందే అనేసింది.

"ఇన్నేండ్లు సంసారం జేసిండు. కంట్ల సుక్క లేదు. బండరాయి."

బాపు ఆమె వైపు చూసి మళ్ళీ తల దించుకున్నాడు. నాకు ఆమె జుట్టు పట్టుకుని బయటికి ఈడ్వాలనిపించింది.

అప్పుడు చిన్నాయన వచ్చాడు. తెల్లబట్టలు, నల్ల కళ్ళద్దాలు. చావుకు ఎట్లా తయారవాలో సినిమాల్లో నేర్చుకున్నాడు. ఆటో దిగాడో లేదో, గల్లీ పిల్లలు చుట్టూ మూగారు. "అంకుల్, ఒక్కసారి ఏడ్వున్రి అంకుల్," అన్నాడొకడు. పిల్లలకేం తెలుసు, వదిలేద్దాం. అరవయ్యేళ్ళు దాటిన ఈ పెద్దమనిషి ఏం చేశాడు? అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు గాదురా, మా వదిన పోయింది," అన్నాడు. అంటూనే, గొంతు తగ్గించి, చిన్నది ఒకటి ఏడ్చి చూపించాడు. నెత్తి మీద దెబ్బలతో సహా. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుమ్మం ఇటువైపు అమ్మ, బాపు. మధ్యలో ఒక తలుపు పరదా. బాపు విన్నాడు. తువ్వాలు ఇంకొంచెం లోపలికి కుక్కుకున్నాడు.

ఆ రోజునుంచి నేను చిన్నాయనతో మాట్లాడలేదు. ఆయన వస్తే లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. 'మీ బిడ్డకు జర పొగరెక్కువ అన్నా' అని ఆయన బాపుతో అంటుంటే వినబడేది. బాపు మాత్రం ఆయన ఎప్పుడొచ్చినా చాయ్ పెట్టమనేవాడు. టీవీలో ఆయన పాత సినిమా వస్తే కుర్చీ ముందుకు జరుపుకుని చూసేవాడు. నవ్వేవాడు కాదు, చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. తమ్ముడన్నాక ప్రేమ ఉండకుండా పోదు, ఆ సంగతి నాకు తెలుసు. నా మంట నాది.

ఈమధ్యనే చిన్నాయన పోయాడు. ఆయన కోసం కూడా బాపు ఏడవలేదు. వంతెన దాటి చాదర్‌ఘాట్‌లో ఆయన ఇంటికి వెళ్ళాం, బాపు తువ్వాలు కొరుక్కుంటూ నిలబడ్డాడు, వచ్చేశాం. తర్వాత నాంపల్లిలో ఒక హాలు తీసుకుని కళాకారుల సంఘం ఒకటి సంతాప సభ పెట్టింది. అన్నగా బాపును ముందు వరసలో కూర్చోబెట్టాలన్నారు. నేను వద్దన్నాను. "నా తమ్మునిది, నేను పోకుంటే ఎట్ల?" అన్నాడు బాపు. ఎనభై దాటిన మనిషితో ఏం వాదిస్తాను? చేయి పట్టుకుని తీసుకెళ్ళాను.

స్టేజీ మీద ఫ్లెక్సీ. చిన్నాయన ఏడుస్తున్న ఫొటోనే వేశారు, దానికే పూలదండ. మాట్లాడిన ప్రతివాడూ చిన్నాయన గురించి ఒక వాక్యం, తన గురించి ఒక అరగంట చెప్పాడు. ఒకాయన తన రాబోయే సినిమాకు ఆశీర్వదించమని కూడా అడిగాడు. ఎవరిని అడిగాడో తెలియదు, ఫ్లెక్సీనేమో. కిందున్నవాళ్ళు ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. చివరికి సంఘం అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. మెడలో బంగారు గొలుసు, చేతిలో బాపుకు కప్పడానికి తెచ్చిన శాలువా.

"మౌనం పాటిస్తే అన్న ఆత్మకు బోర్ కొడ్తది," అన్నాడు. "మనందరం కలిసి అన్న ఏడుపు ఏడుద్దాం. గదే మనమిచ్చే నివాళి. రెడీనా? వన్, టూ, త్రీ!"

హాలు హాలంతా మొదలుపెట్టింది. మిమిక్రీ వాళ్ళు, సీరియల్ వాళ్ళు, మేకప్ వాళ్ళు, భోజనం ఉందని వచ్చిన వాళ్ళు. ఎటు చూసినా నీళ్ళు రాని బోరింగులే. ఒకడిని మించి ఒకడు పైకి ఎత్తుకుంటున్నాడు, పక్కవాడిని చూసి నవ్వుతున్నాడు, నెత్తి కొట్టుకుంటున్నాడు. ఇంత సిగ్గుమాలిన గుంపును నేను నా జన్మలో చూడలేదు. లేచి వెళ్ళిపోదామని బాపు మోచేయి పట్టుకున్నాను.

బాపు తువ్వాలు ఒళ్ళో పడి ఉంది. ఆయన ఏడుస్తున్నాడు.

అన్నేళ్ళ తర్వాత విన్నాను ఆ ఏడుపు, అసలుది. ముక్కుతో అదే గాలి, అదే కూత. అంతమంది గొంతుల మధ్య ఎవరూ పట్టించుకోరని ధైర్యం వచ్చిందేమో. చేతులు రెండూ మోకాళ్ళ మీదే ఉన్నాయి. నెత్తి కొట్టుకోవడం లేదు. చొక్కా ముందంతా తడిసిపోతోంది. నేను మోచేయి వదిలేశాను. ఈ వెధవలు ఇంకాసేపు ఏడిస్తే బాగుండునని నా జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

అధ్యక్షుడు చేయి ఎత్తాడు. అందరూ ఆపేశారు. బాపు ఆపలేకపోయాడు. ఆ హాల్లో ఆయన గొంతు ఒక్కటే మిగిలింది. వెంటనే నవ్వులు, చప్పట్లు, ఈలలు. "పెద్దాయన ఇరగదీసిండు!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అధ్యక్షుడు పరుగున దిగి వచ్చి బాపు భుజాల మీద శాలువా కప్పాడు. మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"అచ్చం అన్న లెక్కనే! ఇంకోసారి సార్, సౌండ్ పడలే."

"అది యాక్టింగ్ కాదు," అన్నాను నేను. "ఆయన ఏడుస్తున్నడు."

"ఔ మేడం, నిజంగ ఏడ్సినట్టే ఉంటది," అన్నాడతను సంతోషంగా. "ఆర్టు అంటే గదే గదా!"

ఆ మైకును పక్కకు తోసి బాపును లేపాను. మేం తలుపు చేరేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

బయట ఆటో ఎక్కాం. ఆబిడ్స్ వెనక గల్లీలో ఇప్పటి మా కిరాయి ఇల్లు, పెద్ద దూరం కాదు. బాపు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు, ఆ శాలువాతోనే ముక్కు తుడుచుకుంటూ. డ్రైవర్ ఫోన్‌లో ఏదో పాట పెట్టుకున్నాడు. పల్లెనుంచి కొత్తగా వచ్చినవాడిలా ఉన్నాడు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. వీడు కూడా నవ్వుతాడని నేను పళ్ళు బిగించి సిద్ధంగా ఉన్నాను.

"ఎవలు పోయిన్రు తాతా?" అన్నాడు.

మా చిన్నాయన అని చెప్పబోయాను. బాపు నాకంటే ముందే, ఆ వెక్కిళ్ళ మధ్యనే అన్నాడు.

"మా ఇంటామె, కొడకా."

డ్రైవర్ పాట బంద్ చేశాడు. ఇల్లు వచ్చేదాకా మెల్లగా నడిపాడు.