నాయన చెవుడు

ఈ పొద్దున ఫోన్‌లో వార్తలు చదివే ఆయన మధ్యలో దగ్గి, "క్షమించాలి" అన్నాడు. నాకు ధర్మవరంలో మా ఇల్లు గుర్తొచ్చింది.

మన రేడియో రోజులు మరిచిపోలేదు కదా? వార్తల మధ్యలో తుమ్ము, కాగితాల చప్పుడు, ఒక్కోసారి ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆపైన "అంతరాయానికి చింతిస్తున్నాం". మగ్గం గుంతలో కూర్చున్న నాయన అవన్నీ విని నవ్వుకునేవాడు.

ఒకరోజు ఆయన మొహం కడుక్కుని వచ్చేలోగా, పాటల కోసం తిప్పబోయి రేడియో ముల్లును కదిపే దారం తెంపేశాను. గరగర తప్ప ఏమీ రాలేదు. "స్టేషన్లోనే ఆగిపోయింది నాయనా" అన్నాను. నమ్మాడు.

కాసేపటికి పక్కింటి ఓబులేసు మామ వచ్చాడు.

"ఈ పొద్దు వార్తలే రాలేదు బావా. ఆడ స్టేషన్లో ఏమో చెడిపోయిండాది" అన్నాడు నాయన.

"ఏమబ్బా, మా ఇంట్లో బాగానే వచ్చినాయే!"

నాయన రేడియో మీట తిప్పి, కదలని ముల్లును చూశాడు. నన్ను చూశాడు.

"అయితే నాకే ఇనపడలేదేమో. మగ్గం చప్పుడుకు చెవులు పోతాండాయి."

అప్పటినుంచి వీధిలో అందరూ ఆయనతో అరిచి మాట్లాడేవాళ్లు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అనేవాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించే మనిషి! పక్కనే ఉండి కూడా, ఆయన పోయేదాకా నేను ఎవరికీ నిజం చెప్పలేదు.