పూత వేయని గది

పుంగనూరులో అద్దెకుంటూ మదనపల్లెలో బడికి బస్సులో తిరిగి తిరిగి విసుగెత్తి, చివరికి మదనపల్లెలోనే ఒక ఇల్లు బేరం చేశాం. కట్టినాయన కుప్పం పక్క రైతు. కూతురి కోసం కట్టాడట. అల్లుడికి బెంగళూరులో ఉద్యోగం రావడంతో అమ్మకానికి పెట్టాడు. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. గడువులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సూ పోతుంది, ఇల్లూ పోతుంది.

లోనుకు పెట్టుకుంటే, ఇంటికి వెల కట్టడానికి బ్యాంకు ఒక ఇంజనీరును పంపింది. ఆయన గదులు కొలిచాడు, ఫొటోలు తీశాడు, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. తర్వాత బ్యాంకుకు పోతే తెలిసింది, మేం ఒప్పుకున్న ధర కంటే చాలా తక్కువ కట్టాడని, లోను కూడా ఆ మేరకే ఇస్తారని. మిగతాది తెచ్చే దారి మాకు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కారణం వెనక గది. దానికి లోపల సిమెంటు పూత లేదు, ఇటుకలు అట్లాగే కనిపిస్తాయి. బీరువాలు అడ్డం పెడితే సరిపోతుందిలే అని మేం పట్టించుకోలేదు. ఇంజనీరు మాత్రం ఆ గదిని లెక్కలోకే తీసుకోలేదు, పైగా ఇల్లు ఇంకా పూర్తి కాలేదని రాశాడు.

కుప్పం నుంచి ఇల్లు కట్టినాయన్ను పిలిపించాం.

"ఆ గది పూయించేయప్పా. బ్యాంకు వాళ్లు మళ్లీ వచ్చి చూస్తారంట," అన్నాను.

"నేను పూయించనమ్మా."

"యాలప్పా?"

"కుప్పంలో ఇల్లు ఒక్క మూల వదలకుండా కట్టినా. ఆ ఏడే మా ఇంటామె పోయింది. పూర్తయిన ఇంటికి దిష్టి తగలతాది. ఇంగ నా చేత్తో ఏ ఇల్లూ పూర్తి చెయ్యను."

"అట్లయితే ధర తగ్గించు."

"అది నా కూతురి సొమ్ము. నేనెట్ల తగ్గించేది?"

వేరే ఇల్లు చూసుకుందామన్నాడు మా ఆయన. ఈయన ఎప్పుడూ ఇంతే, అడుగు వేయకముందే అలిసిపోతాడు.

"నేనే పూయిస్తా. తగిలే దిష్టి ఏదో నాకే తగలనీ," అన్నాను. మన పేరు మీద లేని ఇంటికి సిమెంటు మోయించే తెలివి నీకే ఉందని బడిలో తోటి టీచర్లు ఆటపట్టించారు.

మేస్త్రీ పని చేసినంతసేపూ ఆ పెద్దాయన ఇంటికి వీపు పెట్టి వీధిలోనే నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు. టీ కూడా అక్కడే తాగాడు. మా ఆయనకు సైగ చేసి చూపించి నవ్వాను.

ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ఈసారి వెనక గదినీ కొలుచుకున్నాడు. లోను సరిపోయింది, గడువు దాటకుండానే రిజిస్ట్రేషన్ అయింది. పాలు పొంగించిన రోజు పెద్దాయన గుమ్మడికాయ తెచ్చి, తనే దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టాడు. కడుపునిండా తిని వెళ్లాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ వారం ఫోను చేశాడు. "అందరూ బాగుండారా అమ్మా?" అంతే, ఇంకో మాట లేదు. పై వారం మళ్లీ అదే. మొదట్లో నాకు చిరాకేసింది. ఇల్లు అమ్మేసినా ఈయనకు గది మీద గొడవ తీరలేదా అనుకున్నాను.

మొన్న ఆయన ఫోను చేసేసరికి మా ఆయన ఒళ్లు కాలిపోయే జ్వరంతో పడుకుని ఉన్నాడు.

"అందరూ బాగుండారా అమ్మా?"

"బాగుండామప్పా," అన్నాను.

"అంతే సాలు తల్లీ," అని పెట్టేశాడు.

ఆ జ్వరం దిష్టి వల్ల వచ్చిందని నేననుకోను. కానీ జ్వరం సంగతి చెబితే, ఈ ఇల్లు కట్టినందుకు పెద్దాయన ఏడుస్తాడు.